కొండ సైకిలు – కుదుర్చుకోవడంలో ఉన్న చరిత్ర

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసమొకటి వ్రాయమని సంపాదకవర్గం వారు కోరారు. శాసనాల గురించీ, కోటల గురించీ వ్రాయగల పండితులు మన సభ్యుల్లోనే ఉన్నారు కనుక నేను ఆ జోలికి పోను. ఖజానా శాఖలో 34 సంవత్సరాలు బిల్లులు పరిశీలించిన గుమాస్తాగా నాకు తెలిసిన విద్య ఒక్కటే. ఏ కాగితం ఎక్కడ పుట్టింది, ఏ బల్లల మీదుగా వచ్చింది, ఎవరి సంతకంతో మారింది అని ఫైలును వెనక్కి తిరగేయడం. ఆ పద్ధతిలోనే ఒక సైకిలును వెనక్కి తిరగేశాను.

సర్వీసులో చేరిన కొత్తలో సైకిలు అడ్వాన్సుకు దరఖాస్తు పెట్టుకుని, జీతంలో వాయిదాలు కోయించుకుని సైకిలు కొనుక్కున్న తరం మనది. ఆ సైకిలులో మనకు తగ్గట్టు సరిచేసుకోవడానికి ఏముండేది? ఫ్రేము 22 అంగుళాలా, 24 అంగుళాలా అన్నది ఒకటి. సీటు కింద నట్టు వదులు చేసి పైకో కిందికో జరపడం ఒకటి. చైను వదులైతే వెనక చక్రం కాస్త వెనక్కి లాగి బిగించడం. టైరులో గాలి సరిపోయిందో లేదో రెండు వేళ్లతో నొక్కి చూడడం. అంతే. మిగిలినదంతా మనమే సైకిలుకు తగ్గట్టు సర్దుకోవాలి. పొట్టివాళ్లు ఫ్రేము మధ్యలో కాలు దూర్చి తొక్కేవారు. సైకిలు మనిషికి సరిపడాలన్న ఆలోచన మనలో ఎవరికీ వచ్చినట్టు లేదు.

2023లో నేనూ, నా శ్రీమతీ కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఫ్రీమాంట్‌లో మా అబ్బాయి దగ్గర ఆరు నెలలు ఉన్నాం. పదహారేళ్ల మనవడికి అప్పుడే కొత్త సైకిలు కొన్నారు. దాన్ని ఎండ్యూరో మౌంటెన్ బైకు అంటారు. అడవుల్లో, కొండల్లో నడక బాటల వంటి దారుల మీద ఎక్కి, రాళ్లూ వేళ్లూ మెట్లూ ఉన్న దారిన దిగడానికి చేసిన సైకిలది. ముందు రెండు లావుపాటి కడ్డీల ఫోర్కు, అది 160 మిల్లీమీటర్ల మేర లోపలికి దిగి పైకి లేస్తుంది. వెనక చక్రానికి వేరే షాక్ అబ్జార్బరు. నూనెతో పనిచేసే డిస్కు బ్రేకులు. బొటనవేలితో మీట నొక్కితే కిందికి దిగే సీటు. ఖరీదు ఇక్కడ చెబితే మన పెన్షనర్లకు రక్తపోటు పెరుగుతుంది కనుక వదిలేస్తున్నాను.

ఆ సైకిలు మావాడికి పడలేదు. మూడు వారాలు తొక్కి, పాతదే నయమన్నాడు. రాళ్ల దారిలో గుర్రం ఎగరేసినట్టు ఎగరేస్తోందనీ, మలుపుల్లో ముందు చక్రం జారుతోందనీ, చేతులు తిమ్మిరెక్కుతున్నాయనీ చెప్పాడు. అంతకు ముందు ఏడాది పాత సైకిలు మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. మా కోడలికి ఆ భయం ఇంకా పోలేదు. “ఇంకొక్కసారి పడ్డాడంటే సైకిలు మాట ఎత్తనివ్వను మామయ్యగారూ” అని నాతోనే అంది. అబ్బాయి దాన్ని అమ్మేద్దామన్నాడు. కుర్రాడు గదిలోంచి బయటికి రావడం మానేశాడు. నాకు అక్కడ వేరే ఉద్యోగం లేదు కనుక, ఈ యంత్రం సంగతేమిటో చూద్దామని గ్రంథాలయానికి వెళ్లి చదవడం మొదలుపెట్టాను.

ఫ్రీమాంట్‌కు వాయవ్యంగా, శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ వంతెన దాటితే మారిన్ కౌంటీ అనే జిల్లా వస్తుంది. అక్కడ టామల్‌పైస్ అనే కొండ. దాని చుట్టుపక్కల అగ్నిమాపక శాఖ వారి జీపులు తిరగడానికి వేసిన మట్టి రోడ్లు. 1970ల మొదట్లో అక్కడి కుర్రాళ్లు కొందరు పాత సామానులో పడి ఉన్న సైకిళ్లను ఏరి తెచ్చి, వాటి మీద ఆ రోడ్లు దిగడం మొదలుపెట్టారు. అవి ఎక్కువగా రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ష్విన్ కంపెనీ చేసినవి. 1933లో ఆ కంపెనీ బెలూన్ టైరు అనే లావు టైరు తెచ్చింది. బరువు సుమారు 50 పౌన్లు. నగరాల్లో పేపర్లు వేసే పిల్లలు తొక్కినవి. ఎవరికీ అక్కర్లేని ఇనుము కనుక, విరిగినా బాధ లేదు.

ఫెయిర్‌ఫాక్స్ అనే ఊరి పక్కన ఒక రోడ్డుంది. రెండు మైళ్లలోపు దూరంలోనే దాదాపు 1300 అడుగులు దిగుతుంది. దాని పేరు రీప్యాక్. ఈ పేరు వెనక కథ వింటే మన సైకిలు షాపుల్లో హబ్బు విప్పి గోళీలకు గ్రీజు పెట్టే దృశ్యం గుర్తుకొస్తుంది. ఆ పాత సైకిళ్లకు పెడల్ వెనక్కి తొక్కితే వెనక హబ్బులో పడే బ్రేకు ఉండేది. కొండ దిగేసరికి హబ్బు కాలి, గ్రీజంతా పొగై పోయేది. మళ్లీ విప్పి గ్రీజు కూరితే తప్ప రెండోసారి దిగడానికి లేదు. కూరడాన్ని వాళ్లు రీప్యాక్ అంటారు. రోడ్డుకు అదే పేరు స్థిరపడింది.

1976 అక్టోబరు 21న అక్కడ మొదటి పోటీ జరిగింది. నిర్వహించినవాడు చార్లీ కెల్లీ. ఎవరు వేగంగా దిగుతారన్న వాదన తెగక, ఒక్కొక్కరినీ విడిగా వదిలి గడియారం పెట్టి చూద్దామన్నారు. ఆ రోజు గెలిచినవాడు అలన్ బాండ్స్. పడకుండా కిందికి చేరినవాడు కూడా ఆయనొక్కడే. తర్వాతి పోటీల్లో గ్యారీ ఫిషర్ 4 నిమిషాల 22 సెకన్లలో దిగాడు. ఆ రికార్డును ఎవరూ దాటలేదు. రెండు సెకన్ల తేడాతో జో బ్రీజ్ రెండో స్థానం. 1984లో ఆగిపోయేదాకా ఆ రోడ్డు మీద సుమారు రెండు డజన్ల పోటీలు జరిగాయి. కెల్లీ ఆ సమయాలన్నీ నోటుబుక్కులో వ్రాసి భద్రపరచడం వల్లనే ఈ రోజు మనం సెకన్లతో సహా చెప్పగలుగుతున్నాం. రికార్డు అసిస్టెంటు విలువ రికార్డు అవసరమైనప్పుడే తెలుస్తుంది. ఆయన 1980లో ‘ఫ్యాట్ టైర్ ఫ్లయర్’ అనే చిన్న పత్రిక కూడా ప్రారంభించాడు. మన వార్తాలేఖ లాగే చందాదారులను, వ్యాసకర్తలను తనే వెతుక్కోవలసిన పత్రిక. ఏడేళ్లు నడిచింది.

ఇక్కడ మన సభ్యులకు చెప్పవలసిన ముక్క ఒకటుంది. కొండ సైకిలు పుట్టింది మారిన్‌లోనే అని అందరూ అంటారు గానీ, ఫైలులో ఒక అడుగు పేజీ వేరే చెబుతోంది. 1974 డిసెంబరు 1న మారిన్‌లోని మిల్ వ్యాలీలో ఒక బురద పోటీకి దక్షిణం నుంచి కొందరు కుర్రాళ్లు వచ్చారు. వాళ్ల లావు టైరు సైకిళ్లకు అప్పటికే గేర్లు, డ్రమ్ము బ్రేకులు, హ్యాండిల్ మీదే బొటనవేలితో గేరు మార్చే మీటలు ఉన్నాయి. మారిన్ కుర్రాళ్లు నోరు తెరుచుకుని చూశారు. వచ్చినవాళ్లు మారో డర్ట్ క్లబ్ అనే జట్టు, వాళ్ల ఊరు కూపర్టినో. అవును, మనలో చాలామంది పిల్లలు ఉద్యోగాలు చేస్తున్న కూపర్టినోయే. తర్వాత ఆ జట్టువాళ్లు కనుమరుగయ్యారు. చరిత్రలో పేరు మాత్రం నోటుబుక్కు వ్రాసినవాళ్లకు దక్కింది.

నేను గమనించినదేమంటే, ఈ సైకిలు మీద ఉన్న ప్రతి మరా, ప్రతి మీటా ఎవరో ఎక్కడో కొండ మీద పడ్డ ఇబ్బందికి జవాబుగా వచ్చింది. ఎవరూ కుర్చీలో కూర్చుని కనిపెట్టలేదు. ఎక్కేటప్పుడు తోసుకుపోవలసి వస్తోందని గేర్లు పెట్టారు. చేతులు ఆగడం లేదని మోటారు సైకిలు హ్యాండిళ్లు, మోటారు సైకిలు బ్రేకు మీటలు తెచ్చి బిగించారు. పాత ఫ్రేములు విరుగుతున్నాయని జో బ్రీజ్ 1977లో కొత్త ఫ్రేము తనే అతికాడు. కొండ దారి కోసమే కొత్తగా చేసిన ఆ మొదటి బ్రీజర్ ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ ప్రదర్శనశాల వారి సొత్తు. 1979లో ఫిషర్, కెల్లీ కలిసి ‘మౌంటెన్‌బైక్స్’ అని కంపెనీ పెట్టారు. ఫ్రేములు చేసిచ్చినవాడు టామ్ రిచీ. 1981లో స్పెషలైజ్‌డ్ కంపెనీ జపానులో పెద్ద ఎత్తున చేయించిన స్టంప్‌జంపర్ అంగళ్లలోకి రావడంతో ఇది కుర్రాళ్ల సరదా స్థాయి దాటి వ్యాపారమైంది.

సీటు కథ నాకు ప్రత్యేకంగా నచ్చింది. కొండ ఎక్కేటప్పుడు కాలు పూర్తిగా చాపి తొక్కాలంటే సీటు ఎత్తుగా ఉండాలి. దిగేటప్పుడు అదే సీటు తొడలకు అడ్డం తగిలి మనిషిని ముందుకు తోసేస్తుంది. అందుకని కొండ మీద దిగి సీటు కిందికి దించేవారు, అడుగున మళ్లీ దిగి లేపేవారు. 1984లో జో బ్రీజ్, జాష్ ఏంజెల్ అనే ఇద్దరూ హైట్ రైట్ అనే స్ప్రింగు చేశారు. సీటు క్లిప్పు వదులు చేసి ఒంటి బరువుతో కిందికి నొక్కడం, పైకి కావాలంటే లేచి నిలబడితే స్ప్రింగు దాన్ని పూర్వస్థానానికి తేవడం. చౌకైన మంచి ఆలోచన. కానీ 1990లలో ఎక్కే దిగే పోటీలవాళ్లు బరువు తగ్గించే పిచ్చిలో పడి దాన్ని పక్కన పెట్టేశారు. ఇరవై ఏళ్ల తర్వాత అదే ఆలోచన మీటతో పనిచేసే సీటుగా తిరిగి వచ్చింది. ఆ మీటకు హ్యాండిల్ మీద చోటెలా దొరికిందన్నది మరో తమాషా. 2012లో శ్రామ్ కంపెనీ ముందు ఒకే పళ్ల చక్రం, వెనక 11 చక్రాల ఏర్పాటు తెచ్చింది. దాంతో ముందు గేరు మార్చే మీట అవసరం పోయి, ఎడమ బొటనవేలి దగ్గర స్థలం ఖాళీ అయింది. సీటు మీట వచ్చి ఆ ఖాళీలో కూర్చుంది. మన ఆఫీసుల్లో ఒకరు రిటైరైతే ఆ కుర్చీకి ఎవరొస్తారో అని చూసినట్టే.

స్ప్రింగుల సంగతి. పాల్ టర్నర్ అనే ఆయన హోండా మోటారు సైకిలు పోటీ జట్టుకు మెకానిక్కుగా పనిచేసినవాడు. ఆయన రాక్‌షాక్స్ అనే కంపెనీ పెట్టి, 1989లో గాలి, నూనె కలిసి పనిచేసే ఫోర్కు చేశాడు. దిగేది రెండు అంగుళాల లోపే. బరువు దండగ అని నవ్వినవాళ్లున్నారు. 1990లో కొలరాడో రాష్ట్రంలోని డురాంగోలో మొదటి అధికారిక ప్రపంచ పోటీలు జరిగినప్పుడు, గ్రెగ్ హెర్బోల్డ్ అదే ఫోర్కుతో కొండ దిగే పోటీ గెలిచాడు. నవ్వులు ఆగాయి.

ఈ గాలి, నూనె అనే రెండు మాటలు పాఠకులు కాస్త గుర్తుంచుకోవాలి. ఒట్టి స్ప్రింగు మాత్రమే ఉంటే ఏమవుతుందో గతుకుల రోడ్డు మీద ఎర్రబస్సు ఆఖరు సీటులో కూర్చున్నవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. దిగిన ప్రతి గుంతకూ అంతే ఎత్తుకు ఎగురుతాం. కనుక స్ప్రింగు పని మనిషి బరువు మోయడం. ఇక్కడ ఆ స్ప్రింగు అంటే గొట్టంలో బిగించిన గాలి. నూనె పని ఆ ఎగురుడును అదుపు చేయడం. చిన్న రంధ్రంలోంచి నూనె వెళ్లాలి కనుక కడ్డీ నెమ్మదిగా లేస్తుంది. రంధ్రం ఎంత తెరవాలో మర తిప్పి నిర్ణయించుకోవచ్చు. గాలి మనిషి బరువును బట్టి, నూనె గాలిని బట్టి ఉండాలి.

1996లో అట్లాంటా ఒలింపిక్స్‌లో కొండ సైకిలు పోటీ చేరింది, కానీ అది ఎక్కే దిగే పొడవాటి పోటీ. మరోవైపు దిగుడు పోటీల సైకిళ్లు ఎంత బరువెక్కాయంటే వాటిని పైకి లారీలోనో, తాళ్ల బండిలోనో ఎక్కించవలసి వచ్చేది. ఒకే సైకిలు మీద సొంత కాళ్లతో ఎక్కి, హాయిగా దిగే మనిషికి పోటీ లేకుండా పోయింది. ఫ్రాన్సులో ఫ్రెడ్ గ్లో 2003లో వాల్ దాలోస్ అనే కొండ ఊళ్లో ఆ లోటు తీర్చే పోటీ పెట్టాడు. దిగే భాగాలకు మాత్రమే గడియారం. మోటారు సైకిళ్ల వాళ్ల ఎండ్యూరో పద్ధతి అది. పేరు కూడా అదే. 2013లో ఎండ్యూరో వరల్డ్ సిరీస్ పేరుతో ప్రపంచ స్థాయి పోటీలు మొదలయ్యాయి. మొదటిది ఇటలీలోని పుంటా ఆలాలో. ఆ ఏడాది మొత్తం మీద పురుషుల్లో ఫ్రాన్సుకు చెందిన జెరోమ్ క్లెమెంజ్, స్త్రీలలో బ్రిటన్‌కు చెందిన ట్రేసీ మోస్లీ గెలిచారు. మోస్లీ ఆ తర్వాత రెండేళ్లూ కూడా గెలిచింది. 2023 నుంచి ఇది అంతర్జాతీయ సైకిలు సమాఖ్య వారి ఎండ్యూరో వరల్డ్ కప్పుగా మారింది. ఈ పోటీ వల్లనే మావాడి సైకిలు వంటివి తయారయ్యాయి. ఎక్కడానికి సరిపడేంత తేలిక, దిగడానికి సరిపడేంత గట్టి. రెండు పనులూ ఒకే యంత్రం చేయాలి కనుకే ఇన్ని మరలు.

ఇంత చదివాక మనవణ్ణి కూర్చోబెట్టి ఒకే ప్రశ్న అడిగాను. “నాన్నా, దీన్ని ఎంత బరువు మనిషికి అమర్చారు?” వాడికి తెలియదు. దుకాణంవారిని అడిగితే (పేరు అనవసరం) బల్ల మీద నిలబెట్టేటప్పుడు సగటు మనిషికి సరిపడేట్టు గాలి కొట్టామన్నారు. సగటు మనిషి అంటే 80 కిలోలు. మావాడు హెల్మెట్టు, మంచినీళ్ల సంచీతో కలిపి 60 కిలోలు.

అప్పుడు మొదలైంది కొలత. వాళ్లు ‘శాగ్’ అంటారు, మనం దిగుడు అనుకుందాం. మనిషి పూర్తి వేషంతో సైకిలు ఎక్కి కూర్చుంటే స్ప్రింగు తన మొత్తం దూరంలో ఎంత భాగం కిందికి దిగింది అన్నది. వెనక షాకుకు 100కు 25 నుంచి 30 వంతులు, ముందు ఫోర్కుకు 15 నుంచి 20 వంతులు దిగాలి. ముందే కొంత దిగి ఉంటేనే, గుంత వచ్చినప్పుడు చక్రం కిందికి చాపుకుని నేలను వదలకుండా ఉంటుంది. కొలవడానికి కడ్డీ చుట్టూ చిన్న రబ్బరు రింగు ఉంటుంది. దాన్ని మొదట్లోకి తోసి, గోడ పట్టుకుని మెల్లగా ఎక్కి కూర్చుని, కుదుపు లేకుండా దిగితే రింగు ఎక్కడిదాకా జరిగిందో అదే దిగుడు. మావాడి వెనక షాకు కడ్డీ మొత్తం 60 మిల్లీమీటర్లు, 18 దిగాలి. దిగింది 10. ఫోర్కు 32 దిగాలి. దిగింది 19. అంటే కుర్రాడు మూడు వారాలుగా వేరే మనిషి సైకిలు తొక్కుతున్నాడన్నమాట.

ఈ షాకులకు గాలి కొట్టడానికి వేరే చిన్న పంపు ఉంటుంది, గడియారం ముల్లుతో. మొదటి అంచనాగా వెనక షాకులో మనిషి బరువు ఎన్ని పౌన్లో అన్ని పౌన్ల గాలి పెట్టమంటారు. 185 ఉన్నదాన్ని 132కు దించాం. పంపు విప్పేటప్పుడు బుస్సుమంటే షాకులో గాలి పోయిందని కంగారు పడనక్కర్లేదు, అది పంపు గొట్టంలో మిగిలిన గాలి. గాలి మార్చిన ప్రతిసారీ నాలుగైదు సార్లు మెల్లగా నొక్కి వదలాలి. లోపల రెండు గదులుంటాయి, వాటి మధ్య గాలి సమం కావాలి. ఇది చేయకుండా కొలిస్తే లెక్క తప్పుతుంది. ఫోర్కుకు దాని కాలి మీదే బరువుల పట్టిక అంటించి ఉంది. చదివినవాడు లేడు. ప్రభుత్వ ఉత్తర్వులకు అనుబంధం లాంటిదది.

తర్వాత నూనె మర. దుకాణంలో ఎక్కువ గాలికి తగినట్టు దాన్ని బాగా బిగించి ఉంచారు. గాలి తగ్గించాక అలాగే వదిలేస్తే కడ్డీ మరీ బద్ధకంగా లేస్తుంది. వరస మెట్ల మీద దిగుతుంటే మొదటి మెట్టుకు దిగింది పూర్తిగా లేవకముందే రెండోది వస్తుంది, మూడోది వస్తుంది, నాలుగో మెట్టు దగ్గరికి స్ప్రింగే మిగలదు. మావాడి చేతుల తిమ్మిరికి కారణం కొంత ఇదే. పూర్తిగా బిగించి, అక్కణ్ణుంచి క్లిక్కులు లెక్క పెట్టుకుంటూ వదులు చేయాలి. వీధి పేవ్‌మెంటు అంచు మీంచి దిగి చూసి, ఒక్కసారి దిగి ఒక్కసారి లేచి నిలబడితే సరి. రెండుసార్లు ఊగితే ఒక క్లిక్కు బిగించాలి.

టైర్ల సంగతి వింటే మన పంక్చరు షాపులవాళ్లు ఆశ్చర్యపోతారు. లోపల ట్యూబే లేదు. 1999లో మావిక్ కంపెనీ, ఇద్దరు టైరు తయారీదారులతో కలిసి కొండ సైకిలుకు ట్యూబు లేని పద్ధతి తెచ్చింది. ఇప్పుడు పాల లాంటి ద్రవం ఒకటి పోస్తారు. ముల్లు గుచ్చుకుంటే అదే రంధ్రాన్ని పూడుస్తుంది. ట్యూబు నలిగిపోతుందన్న భయం లేదు కనుక గాలి బాగా తక్కువ పెట్టొచ్చు, అప్పుడు టైరు రాళ్లను కరుచుకుంటుంది. దుకాణంవారు 35 పౌన్లు పెట్టిన చోట మేం ముందు 21, వెనక 24కు తెచ్చాం. మలుపుల్లో జారుడు సగం అక్కడే తగ్గింది.

బ్రేకుల విషయంలో ఒక హెచ్చరిక, ముఖ్యంగా పిల్లల దగ్గరికి వెళ్లి సరదాపడి సైకిలెక్కే మిత్రులకు. మన సైకిళ్లకు కుడిచేతి బ్రేకు ముందు చక్రానికి. ఇంగ్లండు నుంచి వచ్చిన అలవాటది. అమెరికాలో దీనికి తిరకాసు, అక్కడి నిబంధనల ప్రకారం ఎడమచెయ్యి ముందు చక్రానికి. మా అబ్బాయి చిన్నప్పుడు ఇక్కడ నేర్చుకున్నవాడు. కొడుకు సైకిలు సంగతి చూద్దామని ఎక్కి, ఇంటి ముందు వాలులో వెనక బ్రేకు అనుకుని ఎడమచేతిది నొక్కాడు. పచ్చిక మీద పడ్డాడు కనుక సరిపోయింది. డిస్కు బ్రేకుకు ఒక్క వేలు చాలు. వేలు అందేంత దగ్గరికి మీటను జరుపుకోవడానికి కూడా ఒక మర ఉంది. కొత్త బ్రేకులను మొదట ఖాళీ రోడ్డు మీద ఇరవై సార్లు, పూర్తిగా ఆగకుండా వేగం తగ్గించి వదులుతూ అరగదీయాలి. అప్పుడే బిళ్లకూ డిస్కుకూ సఖ్యత కుదురుతుంది.

ఇంత చేశాక సైకిలు నిమ్మళించింది. కుర్రాడు మాత్రం ఇంకా జారుతూనే ఉన్నాడు. ఇక్కడే నాకు చరిత్ర అక్కరకొచ్చింది.

1980లు, 90లలో ఎక్కే దిగే పోటీల కోసం చేసిన సైకిళ్లకు ముందు ఫోర్కు నిటారుగా, 71 డిగ్రీల దగ్గర ఉండేది. హ్యాండిల్ ఇరుకు, దాని మెడ పొడుగు. దిగేటప్పుడు మనిషి ముందుకు పల్టీ కొట్టకుండా ఉండాలంటే సీటు వెనక్కి వెళ్లి వేలాడవలసిందే. ఆనాటి గురువులందరూ ‘వెనక్కి వాలు’ అనే నేర్పారు. తర్వాత ఫ్రేము మారింది. 1990ల చివర గ్యారీ ఫిషర్ ఫ్రేము ముందు భాగం పొడుగు, మెడ పొట్టి చేసి చూశాడు. 2012లో స్పెయిన్‌లోని మోండ్రాకర్ కంపెనీ దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లింది. ఈనాటి ఎండ్యూరో సైకిలు ఫోర్కు 64 డిగ్రీల దాపుల్లో బాగా ముందుకు వాలి ఉంటుంది. హ్యాండిల్ 780 మిల్లీమీటర్ల వెడల్పు. చక్రం అంత ముందుకు వెళ్లాక మనిషి వెనక్కి వాలితే దాని మీద బరువే ఉండదు. బరువు లేని చక్రం మలుపులో జారక ఏం చేస్తుంది? మావాడు పాత సైకిలు మీద నేర్చిన వెనక్కి వాలే అలవాటును కొత్త సైకిలు మీదికి తెచ్చుకున్నాడు. టైపు మిషను మీద ఇరవై ఏళ్లు పనిచేసిన మన టైపిస్టులు కంప్యూటరు వచ్చిన కొత్తలో కీబోర్డు అక్షరాలు అరిగేలా బాదడం మీరందరూ చూసే ఉంటారు.

నేను తొక్కి చూపించగలిగినవాణ్ని కాదు. వాడికి విషయం చెప్పి, శనివారాల్లో సాంటాక్రూజ్ కొండల్లో తొక్కే పెద్దపిల్లలతో పంపాం. మోచేతులు బయటికి వంచి, గడ్డం హ్యాండిల్ మీదికి తెచ్చి, బరువంతా పాదాల మీద పెట్టి, మడమలు కిందికి దించడం. చూపు ముందు చక్రం మీద కాకుండా పది గజాల అవతల ఉంచడం. ఎక్కేటప్పుడు ముందు చక్రం అటూ ఇటూ తిరుగుతుంటే సీటు ముక్కు మీదికి జరగడం. ఒంటికి ఇవి పట్టడానికి నెల పట్టింది. మొదటి రెండు వారాలు మా కోడలు ఫోను చేతిలో పట్టుకునే కూర్చుంది. మూడో శనివారం వాడు ఇంటికొచ్చి, చేతులు కడుక్కోకుండానే రెండు కంచాల అన్నం తిన్నాడు. ఆవిడ ఏమీ అనలేదు. సైకిలు అమ్మకం మాట తర్వాత ఎవరూ ఎత్తలేదు.

ఈ మొత్తంలో నేను పెట్టిన షరతు ఒకటే. ఒక్కసారికి ఒక్క మార్పే, అదీ నోటుబుక్కులో వ్రాశాకే. తేదీ, ముందు గాలి, వెనక గాలి, టైర్లు, క్లిక్కులు, మార్చిన కారణం, తొక్కాక సంగతి. గడులు నేనే గీసిచ్చాను. ఒకేసారి మూడు మరలు తిప్పితే ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో బ్రహ్మకు కూడా తెలియదు. మొదట్లో విసుక్కున్నాడు గానీ, మేం తిరిగి వచ్చేనాటికి పద్దెనిమిది పేజీలు నింపాడు. అయిదో తొక్కుడు తర్వాత నట్లన్నీ మళ్లీ బిగించి చూసినట్టు, వెనక చక్రం స్పోకులు రెండు వదులైతే సరిచేయించినట్టు కూడా అందులో ఉంది.

మొన్న సంక్రాంతికి వాట్సాప్‌లో ఒక పేజీ ఫోటో పంపాడు. వెనక గాలి 132 కొట్టేసి 145 అని వ్రాసి ఉంది. కారణం గడిలో: “ఆరు కిలోలు పెరిగాను తాతయ్యా. అన్నీ మళ్లీ మొదట్నుంచీ కొలవాలి.”